మొదటి కారుకే క్లియర్ కోటు అవసరమా? (చర్చ)

కొత్తచేయి:
ప్లాస్టిక్ కార్ల కిట్లలో ఇది నాకు మొదటిది. కొలత 1/24. బాడీని సబ్బు నీళ్లతో కడిగి, అచ్చు కలిసిన చోట మిగిలిన సన్నని గీతలను గరుకు కాగితంతో తీసేసి, బూడిద రంగు ప్రైమర్ వేసి ఉంచాను. నీలం రంగును స్ప్రే డబ్బాతోనే వేయబోతున్నాను; ఎయిర్ బ్రష్ కొనే ఆలోచన ఇప్పట్లో లేదు. ఎటూ తేలనిది ఒక్క విషయమే. రంగు ఆరిన తరువాత దాని మీద క్లియర్ కోటు (రంగు లేని పారదర్శకమైన పూత) వేసి, గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ చేయనిదే కారు కారులా కనిపించదని కొందరు అంటున్నారు. మొదటి కారుకు ఆ జోలికే పోవద్దని మరికొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలో కారణాలతో సహా చెప్పగలరా?

అద్దంమెరుపు:
తప్పకుండా వేయండి. ట్యాంకు మోడల్ మీద రంగు కాస్త గరుకుగా ఆరినా దుమ్ము, తుప్పు, బురద వేసి సర్దుకోవచ్చు. షోరూమ్‌లోంచి అప్పుడే వచ్చినట్టు ఉండాల్సిన కారుకు అలాంటి చాటు లేదు. బల్బు వెలుగు పైకప్పు మీద పడితే ఆ ప్రతిబింబం అంచులు చెదరకుండా కనబడాలి. స్ప్రే డబ్బాతో ఎంత జాగ్రత్తగా వేసినా రంగులో కొంత ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలాంటి గరుకు) మిగులుతుంది. దాన్ని తీయాలంటే గరుకు కాగితం పెట్టక తప్పదు. పైన క్లియర్ ఉంటే అరిగేది క్లియరే, రంగు భద్రంగా ఉంటుంది. క్లియర్ లేకపోతే రంగే అరుగుతుంది. సగం పద్ధతి నేర్చుకుని తరువాత మార్చుకోవడం కంటే మొదటి కారుతోనే పూర్తి క్రమం చేతికి అలవాటు కావడం మేలని నా అభిప్రాయం.

పలుచనిపూత:
అద్దంమెరుపు గారు చెప్పిన క్రమంలో తప్పేమీ లేదు. దాన్ని మొదటి కారు మీద ప్రయోగించమనడమే నాకు సమ్మతం కాదు.

ముందు మందం సంగతి చూద్దాం. అసలు కారులో తలుపు చుట్టూ ఉండే సందు సుమారు 4 మిల్లీమీటర్లు ఉంటుందనుకుంటే, 1/24 కొలతలో అది 0.17 మిల్లీమీటర్లకు దిగుతుంది. కిట్లలో గాడిని సాధారణంగా ఇంతకంటే కొంచెం వెడల్పుగానే ఇస్తారు గానీ, అదీ సన్ననిదే. ఇప్పుడు ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిసి 0.1 మిల్లీమీటరుకు చేరాయనుకోండి. అసలు కారు మీద అది 2.4 మిల్లీమీటర్ల మందంతో సమానం. ఫ్యాక్టరీలో కారుకు వేసే పూతలన్నీ కలిపినా దాదాపు 0.1 నుంచి 0.15 మిల్లీమీటరు దాటవు. పైగా గాడికి రెండు గోడలు ఉంటాయి కాబట్టి పూత రెండు వైపుల నుంచీ దాన్ని మూస్తూ వస్తుంది. క్లియర్ దట్టంగా వేసిన తలుపు తెరుచుకునే తలుపులా కనిపించదు, బాడీ మీద గీత గీసినట్టు కనిపిస్తుంది. కంపెనీ పేరు రాసిన ఉబ్బెత్తు అక్షరాలు, వైపర్ల కింది జాలీ, పెట్రోలు మూత అంచు కూడా ఇలాగే మొద్దుబారిపోతాయి.

ఆ అక్షరాల విషయంలో ఒక పద్ధతి ఉంది, తెలియనివారికి ఉపయోగపడుతుందని చెబుతున్నాను. రంగు వేయడానికి ముందే అక్షరాల మీద బేర్ మెటల్ ఫాయిల్ (జిగురు ఉన్న పలుచని లోహపు రేకు) అతికించి, అంచులు కత్తిరించి, దాని మీదుగా మామూలుగా రంగు వేస్తారు. తరువాత దూది చుట్టిన పుల్లను థిన్నర్‌లో ముంచి, దాదాపు పొడిగా అయ్యేదాకా ఒత్తి, అక్షరాల తలల మీద మాత్రమే తేలికగా రుద్దితే రంగు పోయి లోపలి వెండి మెరుపు బయటపడుతుంది. చేత్తో బ్రష్‌తో రాయలేనంత సన్నని అక్షరాలు కూడా దీనితో స్పష్టంగా వస్తాయి. అయితే పూత పలుచగా ఉన్నప్పుడే ఇది సాగుతుంది. అక్షరాలకూ చుట్టుపక్కల బాడీకీ మధ్య ఎత్తు తేడా మిగలకపోతే పుల్ల అక్షరాన్ని వదిలి చుట్టూ ఉన్న రంగును చెరుపుతుంది.

ఇక నేర్చుకోవడం మాట. కొత్తవారు క్లియర్ వేసిన తరువాత బాడీ మీద ఒక లోపం కనిపిస్తే అది ప్రైమర్ దశలో వచ్చిందో, రంగులో వచ్చిందో, క్లియర్‌లో వచ్చిందో వారికి తెలిసే దారి ఉండదు. పొర పెరిగిన ప్రతిసారీ దుమ్ము పడే అవకాశం, కారిపోయే అవకాశం, కింది పొరతో పడని అవకాశం మళ్లీ మొదలవుతాయి. ఎనామెల్ (మెల్లగా ఎండే రంగు) మీద లక్కర్ (ఘాటైన థిన్నర్‌తో త్వరగా ఆరే రకం) క్లియర్ కొట్టి రంగు ముడతలు పడగానే ప్లాస్టిక్కే పాడైందనుకునేవారు ఎందరో. లక్కర్ మీద లక్కర్ వేసినా, ఎరుపు లాంటి రంగులు ఒక్కోసారి కరిగి పైకి ఊరుతాయి.

అద్దంమెరుపు:
లెక్క బాగుంది, కానీ మోడల్‌ను చూసేవారు మైక్రోమీటరు పట్టుకుని రారు. మందం ఎక్కువైతే ఆ తప్పు క్లియర్‌ది కాదు, దట్టంగా కొట్టిన చేతిది. రంగును రెండు పలుచని పూతలతో ముగించి, ఆ పైన క్లియర్ వేస్తే మొత్తం మందం మీరు భయపెట్టినంత కాదు. గాడి మూసుకుపోతుందన్న అనుమానం ఉంటే ప్రైమర్‌కు ముందే దాన్ని గాడి గీసే పనిముట్టుతో కాస్త లోతు చేసుకోవచ్చు. ముఖ్యమైన ప్రశ్నకు మాత్రం మీరు ఇంకా జవాబు చెప్పలేదు: క్లియర్ లేకుండా ఆరెంజ్ పీల్ ఎలా తీస్తారు?

పలుచనిపూత:
చాలా వరకు రాకుండా చూసుకోవచ్చు. టమియా కంపెనీ స్ప్రే డబ్బాల్లో టీఎస్ వరుసలోని సాలిడ్ రంగులనే (లోహపు రేకులు లేనివి) తీసుకోండి. అవి లక్కర్లు, వాటిలో మెరుపు (గ్లాస్) రకాలు తమంతట తామే మెరుస్తాయి. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెడితే లోపలి ఒత్తిడి పెరిగి తుంపర సన్నబడుతుంది (వేడి నీళ్లలో, పొయ్యి దగ్గర మాత్రం ఎన్నడూ పెట్టకూడదు). నిమిషం పాటు బాగా కుదిపి, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, మీటను బాడీ అవతల గాలిలో నొక్కి, బాడీని దాటించాకే వదలాలి. మొదటి పూత మంచు పట్టినట్టు ఉంటే చాలు, ప్రైమర్ ఇంకా కనబడుతున్నా ఫరవాలేదు. గాడుల అంచులు, తలుపు పిడుల కింది భాగాలు ఈ దశలోనే రంగు పట్టేలా చూసుకోవాలి. ఎందుకంటే చివరి తడి పూతలో వాటి కోసం మళ్లీ మళ్లీ తిరిగితే అక్కడే రంగు కారుతుంది. చివరి పూత తడితడిగా, ఒక చివర నుంచి మరో చివర వరకు ఆగకుండా వెళ్లాలి. బాడీ మీద ఏటవాలుగా పడే దీపం వెలుగును చూస్తూ చేతి వేగం నిర్ణయించుకోవాలి: వెలుగు గీత పగిలినట్టు ఉంటే పూత పొడిగా పడుతోంది, నిండుగా జారినట్టు ఉంటే సరిగా పడుతోంది, అది కదలడం మొదలైతే ఆలస్యమైనట్టే.

ఇంత చేసినా గరుకు మిగిలితే సాలిడ్ రంగును నేరుగానే పాలిష్ చేయవచ్చు. టమియా కాంపౌండ్ (పాలిష్ ముద్ద) మూడు రకాలుగా వస్తుంది: కోర్స్, ఫైన్, ఫినిష్. గరుకు ఎక్కువగా ఉంటే ముందు మైక్రోమెష్ గుడ్డలు (చాలా సన్నని గరుకు ఉన్నవి) వాడాలి. అవి 1500 నుంచి 12000 దాకా మెట్లు మెట్లుగా ఉంటాయి, తడిపి వాడాలి. గుడ్డకు రంగు అంటుకుంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. ప్రమాదమంతా అంచుల దగ్గరే. బానెట్ మడత, చక్రాల పైవంపు, పైకప్పు అంచు లాంటి చోట్ల పూత సహజంగానే పలుచగా నిలుస్తుంది, రుద్దితే ముందుగా అక్కడే ప్రైమర్ బయటపడుతుంది. పాలిష్ మొదలుపెట్టే ముందు ఆ అంచులన్నిటికీ సన్నని మాస్కింగ్ టేపు అతికించండి. క్లియర్ ఉన్నా సరే ఇది తప్పదు. అంచుల దగ్గర క్లియర్ కూడా పలుచగానే ఉంటుంది, అది దాటిందా రంగుకు చేరిపోతారు. అద్దంమెరుపు గారు చెప్పిన భద్రత చదునైన చోట్లకే పరిమితం.

డబ్బామూత:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఏ కాలపు కారు? రంగు మీద విడిగా క్లియర్ వేసే పద్ధతి అసలు కార్లలో విస్తృతమైంది 1980లలోనే. అంతకు ముందు ఎక్కువగా రంగే మెరుపు, మీద వేరే పొర లేదు. 1960ల సెడాన్‌కు గాజు పలక అతికించినంత లోతైన మెరుపు తెస్తే అది పాత కారులా ఉండదు, పోటీల కోసం మళ్లీ రంగు వేయించిన కారులా ఉంటుంది. అలాంటి కిట్టు అయితే నా ఓటు పలుచనిపూత గారికే. కానీ మెటాలిక్ రంగులకు ఈ వాదన చెల్లదు. మెటాలిక్ రంగులో సన్నని లోహపు రేకులు ఉంటాయి. వాటిని నేరుగా రుద్దితే రేకులు తెగి, ఆ చోట రంగు మచ్చలుగా మారుతుంది. రేసు కార్ల మీద వేసే డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే పలుచని బొమ్మలు) సంగతీ అంతే, క్లియర్ కింద ఉంటే తప్ప వాటి అంచులు కనబడకుండా పోవు.

కొత్తచేయి:
మీరంతా ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. డబ్బా మూత చూసి ఇప్పుడే నిర్ధారించుకున్నాను, నాది టీఎస్ వరుసలోని మెటాలిక్ నీలమే. కారు 1990ల నాటిది. నంబరు ప్లేట్లు, లోపలి మీటర్లు తప్ప బాడీ మీద డెకాల్స్ లేవు. అయితే క్లియర్ తప్పదన్నమాటేనా?

అద్దంమెరుపు:
తప్పదు. టీఎస్-13 క్లియర్ సరిపోతుంది, అదీ లక్కరే కాబట్టి మీ రంగుతో పడుతుంది. మొదటి రెండు పూతలు పొడి తుంపరగా వేసి ఆగి, ఆ తరువాతే తడి పూతకు వెళ్లండి. మొదటే తడిగా కొడితే కింది రేకులు కదిలి నీడలు పడతాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున వేయవద్దు, లక్కర్ తెల్లగా పొగ పట్టినట్టు ఆరుతుంది. ఎవరైనా టూ-కే (రెండు ద్రవాలు కలిపి వాడే) యూరిథేన్ క్లియర్ వేయమంటే వినవద్దు. దాన్ని గట్టిపరిచే ద్రవంలో (హార్డెనర్‌లో) ఐసోసయనేట్లనే, పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనాలు ఉంటాయి, ఇంట్లో కొత్తవారు ముట్టుకోవలసిన వస్తువు కాదు. మామూలు లక్కర్‌కు కూడా సేంద్రియ ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకోండి. గుడ్డ మాస్కు తుంపరను కొంత ఆపుతుందేమో గానీ ఆవిరిని ఆపదు.

పలుచనిపూత:
మెటాలిక్‌కు క్లియర్ కావాలని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ డబ్బాతోనే మొదటి కారు చేయాలన్న నియమం లేదు. మెటాలిక్‌లో చేతి వేగం మారిన ప్రతి చోటా రంగు ముదురు, లేత చారలుగా పడుతుంది. సాలిడ్ రంగు ఆ తప్పును మన్నిస్తుంది. ఒక సాలిడ్ నీలం డబ్బా తెచ్చుకుని, మెటాలిక్‌ను రెండో కారుకు దాచుకోవడమే నా సలహా. మెటాలిక్‌తోనే వెళ్తానంటే క్లియర్ రెండు తడి పూతలతో ఆపేయండి, పాలిష్ జోలికి పోకండి. చిన్న ఆరెంజ్ పీల్ అసలు కార్ల మీదా ఉంటుంది.

అద్దంమెరుపు:
అసలు కారు మీది ఆరెంజ్ పీల్ 24 రెట్లు తగ్గితే కంటికి ఆనదు కదా! మీ కొలతల లెక్క ఇక్కడ మీకే ఎదురు తిరిగింది.

పలుచనిపూత:
నిజమే, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అయినా, సరిగా ఎండని క్లియర్‌ను కొత్తవారు రుద్ది చెడగొట్టడం కంటే ఆ గరుకు ఉన్నా నయమనే అంటాను.

కొత్తచేయి:
ఎండిందని ఎలా తెలుసుకోవాలి? తాకితే అంటుకోకపోతే చాలదా?

డబ్బామూత:
చాలదు. పై పొర ముందుగా గట్టిపడుతుంది, లోపలి థిన్నర్ తరువాత మెల్లగా బయటికి వస్తుంది. బాడీని ఒక మూత ఉన్న పెట్టెలో రాత్రంతా ఉంచి, ఉదయం మూత తీయగానే వాసన చూడండి. రంగు వాసన వస్తుంటే ఇంకా ఎండలేదు, మళ్లీ దుమ్ము పడని చోట పెట్టేయండి. లక్కర్‌కు సాధారణంగా కొన్ని రోజులు చాలు, ఎనామెల్‌కు వారాలు పట్టవచ్చు. ఈలోగా పని ఆగనవసరం లేదు. సీట్లు, డ్యాష్‌బోర్డు, ఇంజను, చక్రాలు పూర్తి చేసుకోండి. కిటికీ అద్దాల నల్ల అంచులు కూడా మాస్కింగ్ టేపుతో ఇప్పుడే వేసుకోవచ్చు. అద్దాలు అతికించేటప్పుడు మాత్రం సూపర్ గ్లూ వాడకండి, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. తెల్ల పీవీఏ జిగురు సరిపోతుంది.

కొత్తచేయి:
అలాగే. సాలిడ్ నీలం డబ్బాకు చెప్పాను. అది వచ్చేలోగా సీట్లు, చక్రాలు ముగిస్తాను. మెటాలిక్‌ను, క్లియర్‌ను ఈ కిట్టులో మిగిలిన రెండో బానెట్ మీద వేసి చూస్తాను. దాని మీద గాలి లోపలికి వెళ్లే బొక్క ఉంది, నా కారుకు అది అక్కర్లేదు.

అద్దంమెరుపు:
మంచిది. ఆ బానెట్‌కు కూడా ప్రైమర్ వేసే మొదలుపెట్టండి, లేకపోతే బాడీతో పోల్చి చూడటానికి పనికిరాదు. సగం మీద టేపు అతికించి క్లియర్ ఒక సగానికే వేయండి. ఎండిన తరువాత రెండు సగాలూ ఒకే దీపం కింద పెట్టి, ఫొటో ఇక్కడ పెట్టండి.