128 జీబీ కార్డు కాపీ కావడానికి గంట పడుతోంది: కొత్త కార్డులు కొనాలా, లోపం ఇంకెక్కడైనా ఉందా?

ప్రశ్న – తెనాలి స్టూడియో

నమస్కారం. మాది తెనాలిలో చిన్న ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళకు రెండు సోనీ ఏ7 మార్క్ 3 కెమెరాలు తీసుకువెళ్తాం. రా (కెమెరా సెన్సర్ మూల డేటా ఉండే ఫైలు), జేపెగ్ రెండూ ఒకే కార్డులోకి తీస్తాం కాబట్టి స్నాతకం నుంచి అప్పగింతల దాకా పూర్తయ్యేసరికి రెండు 128 జీబీ కార్డులూ దాదాపు నిండిపోతాయి. ఒక్కో కార్డును ల్యాప్‌టాప్ ద్వారా ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించడానికి గంట పడుతోంది. కార్డు మీద 170 ఎంబీ అని ముద్రించి ఉన్నా, కాపీ విండోలో వేగం మొదటి నుంచి చివరి వరకు సెకనుకు 35 ఎంబీ దగ్గరే కదలకుండా ఉంటోంది. కార్డు రీడర్‌ను యూఎస్‌బీ హబ్‌కు, హార్డ్ డిస్క్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టి వాడుతున్నాం. తెల్లవారుజామున ముహూర్తం ముగించుకుని వస్తే ఆ సాయంత్రం రిసెప్షన్ తెరమీద వేయడానికి పెళ్ళివారు కొన్ని ఫొటోలు అడుగుతారు. కాపీకే ఇంత సమయం పోతే ఎంపికకు, రంగులు సరిచేయడానికి వ్యవధి మిగలడం లేదు. ఇంతకంటే వేగమైన కార్డులు కొంటే ఈ సమస్య తీరుతుందా?

సమాధానం – గుంటూరు సర్వీస్ సెంటర్

ఇప్పుడే కార్డులు కొనవద్దండి. మీరు చెప్పిన 35 అన్న అంకెలోనే కారణం కనిపిస్తోంది. యూఎస్‌బీ 2.0 వేగం కాగితం మీద సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 ఎంబీ. వాడుకలో దక్కేది 30 నుంచి 40 ఎంబీ మాత్రమే. వేగం హెచ్చుతగ్గులు లేకుండా ఆ మధ్యలో నిలిచిపోయిందంటే, కార్డుకూ ల్యాప్‌టాప్‌కూ నడుమ ఏదో ఒక భాగం యూఎస్‌బీ 2.0 గా పనిచేస్తున్నదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. కాలువలో నీరెంత ఉన్నా పొలంలోకి వచ్చేది తూము వెడల్పును బట్టే. కార్డు, రీడర్, కేబుల్, హబ్, పోర్టు, డిస్క్ వీటిలో అన్నిటికంటే ఇరుకైనదే మీ కాపీ వేగాన్ని నిర్ణయిస్తుంది.

ముందుగా హబ్‌ను తీసివేసి రీడర్‌ను నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకు పెట్టండి. హబ్‌కు ఎన్ని పరికరాలు పెట్టినా అవన్నీ ల్యాప్‌టాప్‌కు వెళ్ళే ఒకే దారిని పంచుకుంటాయి. పోర్టు లోపలి నాలుక నీలం రంగులో ఉన్నా, పక్కన ఎస్‌ఎస్ అన్న గుర్తు ఉన్నా అది యూఎస్‌బీ 3.0 అయి ఉంటుంది. రీడర్ ప్లగ్‌ను కూడా వెలుతురులో పరిశీలించండి. యూఎస్‌బీ 2.0 ప్లగ్‌లో ముందువైపు నాలుగు లోహపు పట్టీలే ఉంటాయి, 3.0 ప్లగ్‌లో వాటి వెనుక మరో ఐదు కనిపిస్తాయి. ప్లగ్‌ను మెల్లగా లోపలికి తోస్తే ముందున్న నాలుగు పట్టీలు మొదట తగిలి, కంప్యూటర్ దాన్ని 2.0 పరికరంగానే గుర్తించే సందర్భాలు ఉన్నాయి. అందువల్ల ఒకసారి తీసి, ఆగకుండా చివరి వరకు పెట్టి చూడండి. రీడర్ టైప్-సి రకమైతే కేబుల్‌ను అనుమానించాలి, ఎందుకంటే ఫోన్ ఛార్జింగ్ కోసం ఇచ్చే టైప్-సి కేబుళ్ళలో చాలావాటికి 2.0 వేగమే ఉంటుంది.

ఇక కార్డు మీద ఉన్న 170 గురించి. యూహెచ్‌ఎస్ అనేది ఎస్‌డీ కార్డుల వేగ ప్రమాణం. ఒకే వరుస పిన్నులున్న యూహెచ్‌ఎస్-1 కార్డుకు దాని ప్రకారం గరిష్ఠ వేగం 104 ఎంబీ. 170, 200 అని రాసే కార్డులు ఆ ప్రమాణాన్ని దాటిన తయారీదారుల సొంత పద్ధతిని వాడతాయి. దానికి తగిన రీడర్ ఉంటేనే ఆ వేగం వస్తుంది. సాధారణ యూఎస్‌బీ 3.0 రీడర్‌లో అవి 90 దగ్గర ఆగుతాయి. అయినా మీ గంట సమయం 24 నిమిషాలకు తగ్గుతుంది. వి30, వి60 అన్న గుర్తులు రాసే వేగానికి సంబంధించినవి కాబట్టి కాపీ విషయంలో వాటిని లెక్కలోకి తీసుకోనవసరం లేదు.

సమాధానం – హైదరాబాద్ వెడ్డింగ్ ఎడిటర్

పై సమాధానంతో ఏకీభవిస్తూనే డిస్క్ గురించి చెప్పవలసింది ఉంది. చదివే వేగం పెరిగిన తరువాత అడ్డు తగిలేది మీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కే. చిన్న పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటిలో డేటా వరుసలను ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కేలా రాసే పద్ధతి ఉంటుంది. కొన్ని జీబీల వరకు బాగానే సాగి, తరువాత వేగం హఠాత్తుగా పడిపోతుంది. కాపీ విండోలోని గ్రాఫ్‌ను గమనించండి. గీత మొదటి నుంచీ సమంగా ఉంటే రీడర్ వైపు, ఎత్తుగా మొదలై మధ్యలో కూలిపోతే డిస్క్ వైపు వెతకాలి. ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌డీలోకి (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ముందు కాపీ చేసుకుని, ఫొటోలు ఎంపిక చేసే సమయంలో అక్కడి నుంచి హార్డ్ డిస్క్‌కు పంపడం మంచిది. రెండు కార్డులను ఒకేసారి కాపీ చేయాలనుకుంటే రెండు రీడర్లను వేర్వేరు పోర్టులకు పెట్టి ఎస్‌ఎస్‌డీలోకే చేయండి. హార్డ్ డిస్క్‌లోకి ఒకేసారి రెండు కాపీలు నడిపితే దాని హెడ్ అటూ ఇటూ తిరగడంతోనే సరిపోయి, రెండూ నెమ్మదిస్తాయి.

ఫొటోల ఎంపికకు, ఎడిటింగ్‌కు లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే దాని ద్వారా కార్డు నుంచి నేరుగా ఇంపోర్ట్ చేయవద్దు. ఫైళ్ళను మామూలుగా కాపీ చేసి, ఆ ఫోల్డర్‌ను యాడ్ ఎంపికతో చేర్చండి. ప్రివ్యూల దగ్గర పూర్తి సైజుకు బదులు ఎంబెడెడ్ ఎంచుకుంటే, కెమెరా ప్రతి రా ఫైలులో దాచి ఉంచిన చిన్న జేపెగ్‌నే చూపిస్తుంది కాబట్టి ఎంపిక వెంటనే మొదలుపెట్టవచ్చు. కాపీ సమయంలో యాంటీవైరస్‌ను ఆపివేస్తే మరికొంత కలిసివస్తుంది.

సమాధానం – విశాఖ ఫొటోగ్రాఫర్

యాంటీవైరస్‌ను పూర్తిగా ఆపమనడం నాకు సమ్మతం కాదు. స్టూడియో కంప్యూటర్లకు రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు వచ్చి తగులుతుంటాయి, వాటితో వచ్చే వైరస్‌లు ఏ ఆల్బమ్‌నైనా పాడుచేయగలవు. ఫొటోలు దింపే ఫోల్డర్ ఒక్కదాన్ని తనిఖీ నుంచి మినహాయిస్తే చాలు.

తెనాలి వారికి అసలు అవసరం సాయంత్రానికి కొన్ని ఫొటోలు సిద్ధం కావడం. దానికి మొత్తం కార్డు దిగేవరకు ఎదురుచూడవలసిన పనే లేదు. మీ కెమెరాలో రెండు స్లాట్లు ఉన్నాయి. మొదటి దానిలో రా, రెండో దానిలో జేపెగ్ పడేలా అమర్చండి. ఆ కెమెరాలో మొదటి స్లాట్ మాత్రమే మరింత వేగమైన యూహెచ్‌ఎస్-2, రెండోది యూహెచ్‌ఎస్-1 కాబట్టి చిన్నవైన జేపెగ్‌లకు రెండో స్లాట్ చక్కగా సరిపోతుంది. ఇంటికి రాగానే జేపెగ్ కార్డును ముందు దింపి, రిసెప్షన్‌కు కావలసినవి ఎంచుకుంటూ ఉంటే రా ఫైళ్ళు తరువాత నిదానంగా దిగుతాయి. రా కార్డుకు ఏదైనా జరిగినా పెళ్ళి మొత్తం జేపెగ్‌లో భద్రంగా ఉంటుంది. రా ఫైళ్ళను అన్‌కంప్రెస్డ్‌గా తీస్తున్నారేమో కూడా చూసుకోండి. అలాగైతే ఒక్కో ఫైలు 47 ఎంబీ దాకా ఉంటుంది, కంప్రెస్డ్‌లో దాదాపు సగమే. ఆ కుదింపులో కొంత సమాచారం పోతుంది గాని పెళ్ళి ఆల్బమ్ ప్రింటులో ఆ తేడా నాకు ఎన్నడూ కనిపించలేదు.

వేగం కోసం కట్ చేసి పేస్ట్ చేయడం మాత్రం ఎన్నడూ వద్దు. కాపీయే చేయండి. టెరాకాపీ వంటి సాఫ్ట్‌వేర్‌లో వెరిఫై ఎంపిక పెడితే ఫైళ్ళను మళ్ళీ చదివి సరిపోల్చడానికి అదనపు సమయం పడుతుంది, అయినా పెట్టండి. రెండు వేర్వేరు డిస్కుల్లో ఫొటోలు ఉన్నాయని తెరిచి చూసుకున్న తరువాతే కార్డును ఫార్మాట్ చేయాలి, అదీ కంప్యూటర్‌లో కాక కెమెరాలోనే. మూడు ముళ్ళు వేసే క్షణాన్ని మళ్ళీ తీయలేం.

ప్రశ్న అడిగినవారు – తెనాలి స్టూడియో

అందరికీ ధన్యవాదాలు. రీడర్ ప్లగ్ వెనుక ఐదు పట్టీలు ఉన్నాయి; హబ్‌కు మాత్రం ఎస్‌ఎస్ గుర్తు ఎక్కడా లేదు. రీడర్‌ను నేరుగా నీలం పోర్టుకు పెట్టి, ఎస్‌ఎస్‌డీలోకి కాపీ చేస్తే వేగం 88 దగ్గర నిలకడగా వస్తోంది. హార్డ్ డిస్క్‌లోకి చేసినప్పుడు అలాగే మొదలై, సగం దాటాక 50 కి పడిపోతోంది. జేపెగ్‌లను రెండో స్లాట్‌కు మార్చాం. ఇప్పుడు యూహెచ్‌ఎస్-2 రీడర్ ఒక్కటి కొంటే ఇవే కార్డులతో ఇంకా వేగం వస్తుందా?

సమాధానం – గుంటూరు సర్వీస్ సెంటర్

రాదండి. యూహెచ్‌ఎస్-2 వేగం కార్డు వెనుక ఉండే రెండో వరుస పిన్నుల ద్వారా వస్తుంది, మీ కార్డులకు ఆ వరుస లేదు. కార్డులు మార్చే సమయం వచ్చినప్పుడు రీడర్‌నూ కలిపి కొనండి. ఆ ప్రమాణం గరిష్ఠ వేగం 312 ఎంబీ. 250 దక్కినా 128 జీబీ కార్డు తొమ్మిది నిమిషాల లోపే ఎస్‌ఎస్‌డీలోకి దిగుతుంది. రెండో స్లాట్‌లో వాడిన యూహెచ్‌ఎస్-2 కార్డు కెమెరాలో తక్కువ వేగంతో పనిచేసినా, రీడర్‌లో పెట్టినప్పుడు పూర్తి వేగం ఇస్తుంది. అప్పటివరకు ఆ హబ్‌ను మౌస్‌కు, కీబోర్డుకు వాడుకోండి.