మెసేజ్ అందకపోతే సర్వర్ అరవాలా, తనే సర్దుకోవాలా?

బురుజు_కర్నూలు:
అందరికీ నమస్కారం. మాది కర్నూలులో చిన్న ఆఫీసు. రోజూ సాయంత్రం మార్కెట్ యార్డులో ఉల్లి, వేరుశనగ ధరలను పన్నెండు వందల మంది రైతులకు ఎస్ఎంఎస్ చేస్తాం. మెసేజ్‌లు రాబిట్‌ఎంక్యూ అనే సాఫ్ట్‌వేర్ నడిపే క్యూలో (వరసలో) పడతాయి. ఒక పైథాన్ ప్రోగ్రామ్ వాటిని తీసి ఎస్ఎంఎస్ గేట్‌వేకి, అంటే ఫోన్లకు మెసేజ్‌లు చేరవేసే సర్వీసుకు ఇస్తుంది.

పోయిన నెల ఒకరోజు గేట్‌వే 429 అంది. అంటే మరీ ఎక్కువ పంపుతున్నారు, ఆగండి అని. మా ప్రోగ్రామ్ ఆ ఎర్రర్‌ను పట్టుకుని, లాగ్‌లో ఒక లైను రాసి, పని అయిపోయినట్టే క్యూకి యాక్ (ఇక ఈ మెసేజ్ తీసెయ్యొచ్చు అనే జవాబు) ఇచ్చేసింది. క్యూ ఖాళీ అయింది, డాష్‌బోర్డు మొత్తం పచ్చగా ఉంది. మర్నాడు కోడుమూరు వైపు రైతు ఒకాయన పాత ధరే ఉంటుందనుకుని ఉల్లి సంచులు బండికెత్తుకుని వచ్చాడు. క్వింటాలుకు నాలుగు వందలు పడిపోయి ఉంది. "మెసేజ్ వచ్చుంటే రెండు రోజులు ఆగేవాణ్ణి కదప్పా" అన్నాడు ఫోన్‌లో. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అందని ప్రతి మెసేజ్‌కూ అప్పటికప్పుడే అలర్ట్ రావాలని నేనంటున్నా. మా సీనియర్ వద్దంటున్నాడు. మీరేమంటారు?

పెన్నా_అనంత:
తమ్ముడూ, మీ సీనియర్ చెప్పిందే కరెక్టు. 429 వస్తే ఆగాలి, అంతే. సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని గ్యాప్ పెంచుకుంటూ మళ్లీ పంపాలి. అన్నీ ఒకేసారి మీద పడకుండా ఆ గ్యాప్‌లో కొంచెం అటూ ఇటూ తేడా పెట్టాలి. అది సర్వర్ చేసుకోవాల్సిన పని. దానికి మనిషిని పిలవడం ఎందుకు?

నా పాత కంపెనీలో నువ్వన్నట్టే ప్రతి ఎర్రర్‌కూ అలర్ట్ పెట్టారు. ఫోన్ రాత్రంతా మోగేది. లేచి చూస్తే సగం వాటంతట అవే సర్దుకుని ఉండేవి. నెల తిరిగేసరికి సైలెంట్‌లో పెట్టి పడుకోవడం అలవాటైంది. అట్లాంటి రాత్రే రాబిట్‌ఎంక్యూ డిస్క్ నిండింది. ఖాళీ జాగా 50 ఎంబీ కంటే తగ్గితే అది మెసేజ్‌లు పంపేవాళ్లను ఆపేస్తుంది. డిఫాల్ట్ లెక్క అది, మేం మార్చలేదు. తెల్లారేదాకా ఒక్క మెసేజ్ లోపలికి రాలేదు. అలర్ట్ వచ్చింది, కానీ మిగతా వందలో కలిసిపోయింది.

హగరి_కుర్రోడు:
యాక్ ఇవ్వకుండా ఉండుంటే మెసేజ్ క్యూలోనే ఉండేది కదన్నా. ఇందులో చర్చేముంది?

బురుజు_కర్నూలు:
అదీ నిజమే. పెన్నా అన్నా, మళ్లీ పంపొద్దని నేను అనలేదు. కానీ ఎంతసేపని? సాయంత్రం ధర రాత్రి ఎనిమిదికి పోతే సరే. మర్నాడు పొద్దున పోతే? నిన్నటి ధరను ఇవాళ్టిదనుకుని బండి కడతాడు. అసలు అందకపోవడం కంటే అది ఘోరం.

నల్లమల_24:
వాట్సాప్ 2012లోనే ఎర్లాంగ్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఒక్క సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టింది. ఎర్లాంగ్ పద్ధతిలో తప్పు జరిగితే ప్రాసెస్‌ను పడిపోనిస్తారు, దాన్ని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్ అనే ఇంకో ప్రాసెస్ మళ్లీ లేపుతుంది. మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారు.

బురుజు_కర్నూలు:
అక్కడ పడిపోయిన సంగతి సూపర్‌వైజర్‌కైనా తెలుస్తుంది. మా ప్రోగ్రామ్ పడిపోనే లేదన్నా. తప్పును మింగేసి నడుస్తూనే ఉంది.

దేవుని_కడప:
నేను కడపలో ఒక కాలేజీ మెయిల్ సర్వర్ చూస్తా. మెయిల్‌లో జవాబు 4తో మొదలైతే తాత్కాలికం, మళ్లీ ప్రయత్నించాలి. 5తో మొదలైతే ఇక పోదు, పంపినవాళ్లకు తిప్పి చెప్పాలి. చాట్ సర్వర్లు వాడే ఎక్స్‌ఎంపీపీలో కూడా ఎర్రర్‌తో పాటే దాని రకం వస్తుంది. 'వెయిట్' అంటే ఆగి పంపు, 'క్యాన్సిల్' అంటే మానుకో. ముందు ఈ రెండు రకాలనూ వేరు చేయండి, అలర్ట్ సంగతి తర్వాత.

అలాగని మెయిల్ పద్ధతిని నేను పొగడను. తాత్కాలిక ఎర్రర్ వచ్చిన మెయిల్‌ను పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా 5 రోజులు పెట్టుకుని ప్రయత్నిస్తుంది. ఆలస్యమవుతోందని పంపినవాళ్లకు చెప్పే సెట్టింగ్ ఉంది, మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. మా దగ్గర ఒక పరీక్ష ఫీజు నోటీసు అట్లా క్యూలో కూర్చుని ఐదో రోజు తిరిగొచ్చింది. గడువు మూడో రోజే అయిపోయింది. ఒక అమ్మాయి నా టేబుల్ ముందు నిలబడి ఏడ్చింది. ఆన్ చేయనిది నేనే.

తమ్ముడూ, సర్వర్ల లెక్కలు చూసే ప్రామిథియస్‌లో ఫెయిలైన మెసేజ్‌లను లెక్కపెట్టే కౌంటర్ ఉందా? దాన్ని సున్నాతో మొదలుపెట్టారా?

బురుజు_కర్నూలు:
కౌంటర్ ఉందక్కా, ఎర్రర్ రకం లేబుల్‌తో, అంటే ఒక్కో రకానికి ఒక్కో లెక్క. సున్నాతో అంటే అర్థం కాలేదు. ఆ రోజు పెరుగుదల గ్రాఫ్‌లో గీత లేవనే లేదు, అందుకే కౌంటర్ పనిచేయలేదనుకున్నాం.

దేవుని_కడప:
పనిచేసింది. లేబుల్ ఉన్న కౌంటర్ ఆ రకం ఎర్రర్ మొదటిసారి పడేదాకా పుట్టదు. మీ మెసేజ్‌లన్నీ ఒక్క నిమిషంలోపే ఫెయిలై ఉంటాయి. ప్రామిథియస్ డిఫాల్ట్‌గా నిమిషానికోసారి వచ్చి చూస్తుంది. అది వచ్చేసరికి కౌంటర్ ఏకంగా 1200 దగ్గర పుట్టి ఉంది. అంతకుముందు విలువ లేదు, తర్వాత పెరగలేదు. ఎంత పెరిగిందని అడిగితే సున్నా అంటుంది. ప్రోగ్రామ్ మొదలవగానే ప్రతి ఎర్రర్ రకానికీ సున్నా పెట్టి ఉంచితే 0 నుంచి 1200కు ఎగిరినట్టు కనబడేది.

పెన్నా_అనంత:
అక్కా, కౌంటర్ ఎట్లా మొదలైనా చివరికి రాత్రి ఎవడో ఒకడు లేవాలి. దాని గురించి మాట్లాడండి.

దేవుని_కడప:
లెక్కే తప్పైతే లేచి ఏం చూస్తారు?

ఆదోని_పత్తి:
మావాళ్లు ఫోన్ నంబర్‌నే లేబుల్‌గా పెట్టారు. నంబర్‌కొక సిరీస్ (విడి లెక్క) తయారై ప్రామిథియస్ మెమరీ అయిపోయి పడిపోయింది. జాగ్రత్త.

బురుజు_కర్నూలు:
పెన్నా అన్నా, మొదట్నుంచీ మీరు మీ నిద్ర గురించే మాట్లాడుతున్నారు. ఆ రైతు గురించి ఒక్క మాట అనలేదు. మీలాంటి సీనియర్లు ఉన్నచోట ఏదీ బాగుపడదు.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వద్దు. ఇద్దరూ నెమ్మదించండి.

పెన్నా_అనంత:
నిద్ర మాట ఎత్తావు కాబట్టి చెప్తున్నా. ఆ డిస్క్ నిండిన రాత్రి డ్యూటీ నాది. వరసగా పదకొండో రాత్రి. పగలు కూడా సీట్లో ఉండాల్సిందే, రాత్రికి వేరే డబ్బులు లేవు. అలర్టులు పెట్టింది మా మేనేజర్. ఆయన ఫోన్‌కు ఒక్కటీ పోయేది కాదు. పొద్దున మీటింగ్‌లో ఆ అలర్ట్‌ను స్క్రీన్ మీద పెట్టి "నీకు వచ్చింది కదా" అన్నాడు. నా చేత క్షమాపణ లెటర్ రాయించుకున్నారు. డిస్క్ పెంచమని అంతకుముందే మూడుసార్లు అడిగాను, దాని ఊసే లేదు. అలర్ట్ అంటే నాకు ఇప్పటికీ తప్పును కిందివాడి మీదికి తోసే కాగితంలాగే కనబడుతుంది.

ఇంక రైతు సంగతి. మా నాయన ధర్మవరం దగ్గర వేరుశనగ వేస్తాడు. ఆ మాట నాతో అనొద్దు.

బురుజు_కర్నూలు:
క్షమించన్నా, నోరు జారాను. నేనూ ఒకటి చెప్పలేదు. ఎర్రర్‌ను మింగేసే ఆ కోడ్ రాసింది మా సీనియరే. రైతు ఫోన్ చేసినప్పుడు "నెట్‌వర్క్ ప్రాబ్లం అని చెప్పెయ్" అన్నాడు. చెప్పాను. అప్పట్నుంచి మనసు బాగాలేదు. మాకు తెలియదని ఇంకోసారి ఎవరూ అనడానికి వీల్లేకుండా చేయాలనే ప్రతిదానికీ అలర్ట్ అని పట్టుబట్టాను.

పెన్నా_అనంత:
ఈ సంగతి ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయితే విను. రోజూ రాత్రి ఎనిమిదికి ఒక్క లెక్క చూడండి. క్యూలో ఎన్ని పడ్డాయి, ఎన్ని అందాయి. తేడా ఉంటే ఒకే ఒక్క అలర్ట్. మెసేజ్‌కు మూడు గంటల గడువు పెట్టి, గడువు దాటినవి డెడ్ లెటర్ క్యూలోకి, అంటే అందనివాటిని పక్కన పెట్టే క్యూలోకి పోయేలా చేయండి. అందులో ఉన్న రైతులకు మనిషే ఫోన్ చేసి ధర చెప్పాలి. కానీ ఆ అలర్ట్ మొదట మీ సీనియర్ ఫోన్‌కు పోవాలి. అందుకు ఒప్పుకోకపోతే అలర్టే పెట్టొద్దు.

హగరి_కుర్రోడు:
గేట్‌వే తీసుకున్నానని చెప్పడం వేరు, రైతు ఫోన్‌కు అందడం వేరు. ఫోన్‌కు అందిందని చెప్పే డెలివరీ రిపోర్ట్ లెక్కేయండి.

బురుజు_కర్నూలు:
అలర్ట్ మొదట తన ఫోన్‌కు రావాలంటే మా సీనియర్ ఒప్పుకోడన్నా.

పెన్నా_అనంత:
అయితే నా మాట కూడా మారదు.

బురుజు_కర్నూలు:
సోమవారం అడిగి చూస్తా. ముందు ఆ కోడుమూరు ఆయనకు ఫోన్ చేసి జరిగింది చెప్తా.

దేవుని_కడప:
చెప్పు తమ్ముడూ. కౌంటర్లకు సున్నా పెట్టడం మాత్రం సోమవారం దాకా ఆపొద్దు. దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఈ రాత్రే పెట్టు.