ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ తీసేయాలా, ముందు స్పీకర్లు మార్చాలా?

కృష్ణలంక వాసి:
రోజూ బెజవాడ నుంచి గుంటూరు వెళ్లి వస్తాను. 2009 మోడల్ చిన్న కారు. కారుతో వచ్చిన స్టీరియోలో రేడియో, సీడీ మాత్రమే ఉన్నాయి. ఆక్స్ (బయటి ప్లేయర్‌ని వైరుతో కలిపే సాకెట్) లేదు, యూఎస్‌బీ లేదు. నాన్నగారి సీడీలన్నీ ఐపాడ్ క్లాసిక్‌లోకి ఎక్కించుకున్నాను కాబట్టి దాన్ని వదలడం నా వల్ల కాదు. లైటర్ సాకెట్‌లో పెట్టే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌తో వింటున్నాను, అది ఐపాడ్ పాటను చిన్న స్టేషన్‌లా కారు రేడియోకి పంపుతుంది. వెనక ఎప్పుడూ బుస్సుమని మోత. పాటలో "స", "శ" వచ్చిన చోటల్లా చెవిలో గీసినట్టు ఉంటుంది. మంగళగిరి దగ్గరికి రాగానే ఇంకేదో స్టేషన్ మధ్యలో దూరుతుంది. బేస్ అయితే లేనే లేదు.

షాపులో చూపిస్తే నాలుగు స్పీకర్లు, ఆంప్ (ఆంప్లిఫయర్), బేస్ కోసం వూఫర్ కలిపి 28 వేలు అన్నారు. మా బావ కూడా స్పీకర్లే మార్చమంటున్నాడు. నా అనుమానం మాత్రం ట్రాన్స్‌మిటర్ మీదే. ఏది ముందు చేయాలి?

బ్రాడీపేట:
మీ బావ చెప్పిందే సరైనదండీ. అప్పటి కంపెనీ స్పీకర్లంటే పల్చటి కాగితం కోన్, చిన్న అయస్కాంతం. ఇన్నేళ్లు మన ఎండల్లో తలుపులేసిన కారులో ఉడికిన స్పీకర్‌కి కోన్ చుట్టూ ఉండే అంచు గట్టిపడిపోతుంది. ఇక డోర్ సంగతి. కారులో డోరే స్పీకర్ పెట్టె. లోపలి రేకుకు చేయి పట్టేంత కంతలుంటాయి. కోన్ ముందుకు తోసిన గాలి, వెనక్కి తోసిన గాలి ఆ కంతల్లోంచి కలిసి ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. బేస్ పోయేది అక్కడే. ముందు డోర్లు రెండిటికీ మంచి స్పీకర్లు పెట్టి, రేకు అదరకుండా డ్యాంపింగ్ షీట్ అంటించి కంతలు మూయించండి. వెనక స్పీకర్ల జోలికి వెళ్లొద్దు. షీట్ బ్యూటైల్ రబ్బరుదే అడగండి. తక్కువకొస్తుందని తారు షీట్ వేయిస్తే మే నెలలో మెత్తబడి జారుతుంది, కారంతా వాసన.

ఆటోనగర్ వైరింగ్:
డోర్ల సంగతి తర్వాత చూద్దాం. 20 ఏళ్లకు పైగా కార్ల వైరింగ్ చేస్తున్నాను. లోపలికి వచ్చే పాటే పాడైపోయి ఉంటే, మంచి స్పీకర్ ఆ పాడైనదాన్ని ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, అంతే. బుస్సు మోత, "స" దగ్గర గీత, వేరే స్టేషన్ దూరడం, వీటిలో మొదట అనుమానించాల్సింది స్పీకర్‌ని కాదు.

ఎఫ్ఎం స్టీరియోలో 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పైలట్ టోన్ ఉంటుంది, ఇది స్టీరియో ప్రసారమని రేడియోకి తెలిపే గుర్తు స్వరం. దానికి అడ్డు రాకూడదని పాటను 15 కిలోహెర్ట్జ్ దగ్గరే కత్తిరిస్తారు. సీడీలో 20 వరకు ఉంటుంది. ఇది పెద్ద నష్టం కాదు, చాలామందికి తేడా తెలియదు కూడా. అసలు కష్టం ఖాళీ జాగా దొరకడం. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య బెజవాడలో 93.5, 98.3, 102.2 గట్టిగా పలుకుతాయి. మీ ట్రాన్స్‌మిటర్ గొంతు కారు దాటితే ఎక్కువ. ముందు దాన్ని పీకేసి, ఉత్త రేడియోలో వెతకండి. రెండు పక్కలా స్టేషన్ ఏదీ లేకుండా ఒకే తీరు మోత వినిపించే చోట పెట్టండి. అదే వెతుకులాట మంగళగిరిలో ఆగి ఇంకోసారి చేయాలి, ఎందుకంటే బెజవాడలో ఖాళీగా ఉన్నది అక్కడ ఖాళీగా ఉండదు.

"స" గీతకి కారణం ఐపాడ్ వాల్యూం నిండుగా పెట్టడం అయి ఉండొచ్చు. ట్రాన్స్‌మిటర్ అంత సిగ్నల్‌ని తట్టుకోలేక చిదిమేస్తుంది. మూడో వంతు తగ్గించి, ఆ తగ్గింది స్టీరియోలో పెంచుకోండి. ఐపాడ్‌లో ఈక్యూ (స్వరాల హెచ్చుతగ్గులు మార్చే సెట్టింగ్) ఆఫ్ చేయండి. బేస్ బూస్టర్ పెడితే పాట అక్కడే పగులుతుంది.

డబ్బు పెట్టదలిస్తే మొదట ఆక్స్ ఉన్న స్టీరియో కొనండి. ఐపాడ్ కింద 30 పిన్నుల సాకెట్ ఉంది కదా, అందులోంచి లైన్ అవుట్ ఇచ్చే కేబుల్ తీసుకోండి. ఇయర్‌ఫోన్ పెట్టే చోటు నుంచి తీస్తే వాల్యూంతో పాటు సిగ్నల్ మారిపోతుంది. లైన్ అవుట్‌లో అది స్థిరంగా ఉంటుంది. కారు ఛార్జర్ పెట్టి, ఆక్స్‌లో వింటే మాత్రం ఒక్కోసారి యాక్సిలేటర్ తొక్కేకొద్దీ పెరిగే కూత వస్తుంది. ఎర్తింగ్ రెండు దారుల్లో కలవడం వల్ల ఆల్టర్నేటర్ శబ్దం పాటలోకి ఎక్కుతుంది. ఛార్జర్ పీకితే పోతుంది. గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బా కూడా ఉంది కానీ మరీ చవకది బేస్ తినేస్తుంది.

ఏదీ కొనకముందు ఒక పని చేయండి. నాన్నగారి సీడీ ఒకటి ఆ స్టీరియోలోనే పెట్టండి. అదే పాట ఐపాడ్‌లో పెట్టి మార్చి మార్చి వినండి. స్పీకర్లు అవే, డోర్లు అవే. సీడీలో వినపడని లోపం ఐపాడ్‌లో వినపడిందంటే అది దారిలో వచ్చింది.

తాడేపల్లి:
ట్రాన్స్‌మిటర్‌ని మరీ అంత తీసిపారేయకండి. హైవే మీద 80లో పోతుంటే టైర్ల మోతకు కింది స్వరాలు ఎలాగూ మునిగిపోతాయి. నాన్నగారి సీడీలంటున్నారు, పాత తెలుగు పాటలైతే అవి చాలావరకు మోనో రికార్డింగులు, 15 కిలోహెర్ట్జ్ పైన వాటిలో ఉండేదే తక్కువ. నేను ఏంటెనా వైరుకు మధ్యలో కలిపే మాడ్యులేటర్ వేయించాను. పాట గాల్లో కాకుండా వైరులోనే వెళ్తుంది, అది నడిచేటప్పుడు బయటి ఏంటెనా తెగిపోతుంది. మంగళగిరిలో ఏ స్టేషనూ దూరడం లేదు. డ్యాష్‌బోర్డు ముఖం మార్చే పని కూడా లేదు.

పటమట:
ఇవన్నీ ఎందుకు, పాటలు ఫోన్‌లోకి ఎక్కించి బ్లూటూత్ స్టీరియో పెట్టుకోవచ్చుగా?

ఆటోనగర్ వైరింగ్:
తప్పేం లేదు తమ్ముడూ. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే మామూలు పద్ధతి ఎస్‌బీసీలోనే 328 కేబీపీఎస్ వరకు వెళ్తుంది, కారులో అది చాలు. కానీ ఐపాడ్ క్లాసిక్‌లో బ్లూటూత్ లేదు, ఆయన దాన్ని వదలనని మొదటే చెప్పారు.

కృష్ణలంక వాసి:
సీడీ పెట్టి విన్నాను. బుస్సు మోత పూర్తిగా పోయింది, "స" శుభ్రంగా ఉంది. ఇన్నాళ్లూ నాన్నగారు వినిపించిన ఆ వీణ వెనక తంబుర ఉందని కారులో మొదటిసారి తెలిసింది. బేస్ మాత్రం సీడీలో కూడా లేదు. అంటే బ్రాడీపేట వారు చెప్పింది కూడా ఉన్నట్టేనా?

బ్రాడీపేట:
ఉంది. కానీ స్పీకర్లు కొనకముందు నేనూ ఒకటి చెప్తాను, చూడండి. బ్యాలెన్స్ పూర్తిగా ఎడమకు తిప్పి వినండి, తర్వాత కుడికి తిప్పండి. విడివిడిగా బేస్ ఉండి, మధ్యకు తేగానే తగ్గిపోతే ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ తిరగబడ్డాయి. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. గాయకుడి గొంతు కూడా డ్యాష్‌బోర్డు మధ్యలో నిలబడదు.

కృష్ణలంక వాసి:
మీరు చెప్పినట్టే ఉంది! పోయినేడాది ఎడమ డోర్ అద్దం మెషీన్ రిపేర్ చేయించాను. అప్పుడు స్పీకర్ వైర్లు కత్తిరించి, మెలిపెట్టి టేపు చుట్టారు. ఇవాళ డోర్ ప్యాడ్ విప్పించి తిరగేసి కలిపించాను. వెళ్లేటప్పుడు మృదంగం ఎడమ చేతి దెబ్బ విడిగా వినిపించింది. గట్టిగా పెడితే ఎడమ డోర్ ప్యాడ్ మాత్రం గలగలమంటోంది.

ఆటోనగర్ వైరింగ్:
చాలా మంచి పని చేశారు. ఆ వైర్లు టేపుతో వదిలేయకండి, టంకం పెట్టి స్లీవ్ తొడిగించండి. కొత్త స్టీరియో డబ్బా మీద 50 వాట్స్ × 4 అని చూసి మోసపోకండి. 14 వోల్టుల దగ్గర నిజంగా వచ్చేది ఒక్కోదానికి సుమారు 20 వాట్సే. ఈ స్పీకర్లకు అది సరిపోతుంది.

బ్రాడీపేట:
సరిపోదు. కనీసం ఆ గలగల డోర్‌కైనా షీట్ వేయించండి.

కృష్ణలంక వాసి:
ఆదివారం ఆక్స్ ఉన్న స్టీరియో, 30 పిన్నుల లైన్ అవుట్ కేబుల్ తీసుకుంటున్నాను. ఎడమ డోర్‌కి బ్యూటైల్ షీట్ అదే రోజు వేయిస్తాను. స్పీకర్లు ఇప్పటికి పాతవే.