అవాయిడెంట్ పర్సనాలిటీ ఉన్న పేషెంట్ "సరే" తప్ప ఏమీ మాట్లాడకపోతే?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి రెండు నెలలైంది. సైకియాట్రీ వార్డులో డ్యూటీ. అవాయిడెంట్ పర్సనాలిటీ డిజార్డర్ ఉన్న పేషెంట్ ఒకరు నేను పలకరిస్తే తల దించుకుంటారు. అన్నిటికీ "సరే" అంటారు, గ్రూప్ థెరపీకి మాత్రం రారు. నా యాస అర్థం కావట్లేదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
చెల్లీ, ముందు ఆ యాస సంగతి మనసులోంచి తీసెయ్యి. ఈ డిజార్డర్ ఉన్నవాళ్లకు మనుషులు కావాలనే ఉంటుంది. దగ్గరికి వెళ్తే చిన్నచూపు చూస్తారని, వద్దంటారని భయం. ఎవరూ అక్కర్లేదనుకునే స్కిజాయిడ్ తీరు వేరు. 1980లో డీఎస్ఎం (మానసిక సమస్యల్ని వర్గీకరించే అమెరికన్ పుస్తకం) మూడో కూర్పులోనే ఈ రెంటినీ విడదీశారు.

చిన్న మాట ఇవ్వు, తప్పకుండా నిలబెట్టుకో. "నాలుగింటికి వచ్చి పది నిమిషాలు కూర్చుంటాను" అన్నావంటే నాలుగింటికే వెళ్లు. ఎదురుగా కాకుండా కాస్త పక్కగా కూర్చో. మాట్లాడకపోయినా పర్లేదని చెప్పు. లేచేటప్పుడు మళ్లీ ఎప్పుడొస్తావో చెప్పు. సెలవు పెడితే ముందే చెప్పు, లేదంటే తన వల్లే విసిగిపోయావనుకుంటారు. నేనొకసారి షిఫ్ట్ మారుతూ చెప్పకుండా వెళ్లిపోయాను. ఆ పేషెంట్ మళ్లీ నాతో నోరు విప్పడానికి మూడు వారాలు పట్టింది. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఆ "సరే"ని వెంటనే నమ్మొద్దు. కాదంటే మనకు కోపం వస్తుందనే భయంతో అలా అంటారు. "స్నానం ఇప్పుడా, భోజనం తర్వాతా?" అని అడిగి వాళ్లనే ఎంచుకోనివ్వు. ఏ రోజైనా "వద్దు" అన్నారంటే సంతోషించు, నీ మీద నమ్మకం కుదురుతోందన్నమాట.

గ్రూప్‌కి బలవంతం చేయొద్దు, అలాగని వదిలేయనూ వద్దు. తప్పించుకునేకొద్దీ భయం ముదురుతుంది. ముందు నీతో, తర్వాత ఇంకొకరితో, ఆపైన గ్రూప్ గదిలో తలుపు దగ్గర కుర్చీలో ఐదు నిమిషాలు. ఎంతవరకు రాగలరో వాళ్లనే అడుగు. అందరి ముందు పొగడొద్దు. తర్వాత విడిగా "ఇవాళ ఐదు నిమిషాలు ఉన్నారు" అంటే చాలు.

మరో జవాబు:
నాదీ ఒక మాట. ఈ సమస్యకంటూ ప్రత్యేకమైన మందు లేదు, అసలు వైద్యం సైకోథెరపీయే, అంటే మాటలతో చేసే చికిత్స. మందులు రాస్తే తోడుగా ఉన్న డిప్రెషన్‌కో ఆందోళనకో రాస్తారు. నెమ్మదస్తులు కదా అని ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం మానొద్దమ్మా. మెల్లగానే, కానీ సూటిగా అడగండి. షిఫ్ట్ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌లో గొడవ చేయని పేషెంట్ల సంగతే మరుగున పడిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అక్కా, మీ ఇద్దరికీ. రేపు పొద్దున డ్యూటీ. పదకొండింటికి పది నిమిషాలు వస్తానని చెప్తాను. ఎల్లుండి నాకు సెలవు, అదీ రేపే చెప్పేస్తాను.