గార్వాహీ రోడ్డులో బయటివాళ్లు వచ్చి నిలబడటం వల్ల మేలా, కీడా?

మాధవి (బెల్‌ఫాస్ట్):

జులై దగ్గర పడితే ఇక్కడ ఉత్తర ఐర్లండ్‌లో ఈ వాదన తప్పదు. మత హింస భయంలో ఉన్న వీధులకు డబ్లిన్ నుంచి, ఇంకా దూరం నుంచి కార్యకర్తలు వచ్చి సంఘీభావంగా నిలబడటం మంచిదేనా అని. "వాళ్లు రాకపోతే సగం గొడవలు జరిగేవి కావు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒప్పుకోను.

తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. ఆరెంజ్ ఆర్డర్ ప్రొటెస్టెంట్ల సంఘం. 1690 బాయిన్ యుద్ధంలో విలియం రాజు గెలుపును ఏటా జులై 12న ఊరేగింపులతో జరుపుకుంటుంది. పోర్టడౌన్ అనే పట్నంలో దాని సభ్యులు అంతకు ముందు ఆదివారం డ్రమ్‌క్రీ చర్చిలో ప్రార్థన చేసుకుని, కేథలిక్కులు ఉండే గార్వాహీ రోడ్డు మీదుగా తిరిగొచ్చేవాళ్లు. ఇది 1807 నుంచి ఉన్న ఆనవాయితీ అని వాళ్లంటారు. మా గుమ్మాల ముందు మా మీద గెలిచామని డప్పు కొట్టొద్దని అక్కడి నివాసులంటారు. 1996లో పోలీసులు ముందు ఊరేగింపును ఆపారు. నాలుగు రోజులు లాయలిస్టులు (బ్రిటన్‌తోనే ఉండాలని పట్టుబట్టే ప్రొటెస్టెంట్లు) ఉత్తర ఐర్లండ్ అంతా రోడ్లు దిగ్బంధం చేసేసరికి, జులై 11న పోలీసు పెద్దలు నిర్ణయం మార్చుకుని, నివాసులను పక్కకు లాగేసి ఊరేగింపును పంపించారు. 1997లోనూ తెల్లారకముందే రోడ్డు మూసి అదే పని చేశారు. 1998లో పరేడ్స్ కమిషన్, అంటే ఊరేగింపుల దారులు నిర్ణయించే సంస్థ, ఆపింది. అప్పటినుంచి ఆ ఊరేగింపు ఆ రోడ్డు మీదుగా వెళ్లలేదు.

ఆ ఏళ్లలో ఐర్లండ్, అమెరికా, బ్రిటన్‌ల నుంచి పరిశీలకులు వచ్చి నివాసుల ఇళ్లలో ఉన్నారు. జెండాలు ఊపడానికి కాదు, ఏం జరిగిందో రాసిపెట్టడానికి. ప్రభుత్వం ఎవరి పక్షమో తెలియనప్పుడు బయటి కన్ను ఒకటి ఉండటం రక్షణే. నా అభిప్రాయం ఇది.

శ్రీధర్ (కార్క్):

మాధవి గారూ, మీ మాటలో నిజాయితీ ఉంది. కానీ మీరు చెప్పింది సగం కథ.

బర్న్‌టాలెట్ నుంచి మొదలుపెడదాం. 1969 జనవరి 1న పీపుల్స్ డెమోక్రసీ అనే పౌరహక్కుల సంఘం విద్యార్థులు బెల్‌ఫాస్ట్ నుంచి డెర్రీకి పాదయాత్ర మొదలుపెట్టారు. అమెరికాలో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం సెల్మా నుంచి మాంట్‌గోమరీకి నడిచిన యాత్రే వాళ్లకు ఆదర్శం. పౌరహక్కుల ఉద్యమంలోనే కొందరు పెద్దలు వద్దని చెప్పారు. జనవరి 4న బర్న్‌టాలెట్ వంతెన దగ్గర లాయలిస్టులు రాళ్లతో, కర్రలతో మీదపడ్డారు. వాళ్లలో డ్యూటీలో లేని బి-స్పెషల్ (అదనపు దళం) పోలీసులూ ఉన్నారు. ఆ రాత్రే డెర్రీలో కేథలిక్కులు ఉండే బాగ్‌సైడ్ ఇళ్ల మీద పోలీసులు పడ్డారు. కొట్టినవాళ్లదే తప్పు, అందులో నాకు అనుమానం లేదు. కానీ యాత్ర చేసినవాళ్లు ఇంటికి వెళ్లిపోయాక ఆ వీధుల్లో బతకాల్సింది ఎవరు?

ఇంకో సంగతి. 2001లో ఉత్తర బెల్‌ఫాస్ట్‌లోని ఆర్డోయిన్‌లో హోలీ క్రాస్ అనే కేథలిక్ బడికి వెళ్లే చిన్నపిల్లల్ని, పక్కనే ఉన్న ప్రొటెస్టెంట్ పేట గ్లెన్‌బ్రిన్ లాయలిస్టులు వారాల తరబడి బూతులు తిట్టారు, మూత్రం నింపిన బెలూన్లు విసిరారు, సెప్టెంబర్ 5న బాంబు కూడా వేశారు. ప్రపంచం అంతా చూసింది, చూడాల్సిందే. కానీ దానికి ముందు రోజే ఉత్తర బెల్‌ఫాస్ట్‌లో 16 ఏళ్ల ప్రొటెస్టెంట్ కుర్రాడు కారు గుద్ది చనిపోయాడు. ఆ కుర్రాడి ఇంటికి సంఘీభావం చెప్పడానికి డబ్లిన్ నుంచి ఎవరైనా వెళ్లారా? గ్లెన్‌బ్రిన్‌లో జనం ఏడాదికేడాదికి తగ్గిపోతున్నారని, తమ కిటికీల మీదా రాళ్లు పడుతున్నాయని వాళ్లు చెప్పుకున్నది ఎంతమంది విన్నారు? ఒకే వైపు వచ్చే సంఘీభావాన్ని అవతలివాళ్లు సంఘీభావం అనుకోరు, దండయాత్ర అనుకుంటారు.

నవీన్ (కరీంనగర్):

అన్నా, అక్కా, నేను దూరం నుంచి చదువుతున్నాను. ఒక్క ప్రశ్న. పరిశీలకులు అంటున్నారు, వాళ్లు అసలు చేసేదేమిటి? నాలాంటి వాడికి అది బ్యానర్ పట్టుకుని నిలబడటమే అనిపిస్తుంది.

మాధవి (బెల్‌ఫాస్ట్):

నవీన్, మంచి ప్రశ్న. ఎవరు ఎక్కడ ఎన్ని గంటలకు ఏం చేశారో నోట్‌బుక్‌లో రాయడం, వీడియో తీయడం, పోలీసు భుజం మీది నంబరు చూసి పెట్టుకోవడం, గాయపడ్డవాళ్ల దగ్గర వెంటనే వాంగ్మూలం తీసుకోవడం, లాయరుకు అందజేయడం. రాళ్లు రువ్వే కుర్రాళ్లతో కలవకపోవడం మొదటి నియమం. విసుగు పుట్టించే పని, రాత్రంతా మెలకువగా ఉండాల్సిన పని.

ఎందుకు అవసరమో ఒక కేసు చెబుతాను. 1997 ఏప్రిల్ 27న పోర్టడౌన్ నడిబొడ్డున రాబర్ట్ హామిల్ అనే కేథలిక్ యువకుడిని లాయలిస్టు గుంపు కొట్టింది. పక్కనే పోలీసుల ల్యాండ్‌రోవర్ ఉంది. పోలీసులు దిగి ఆపలేదని కుటుంబం చెప్పింది. మే 8న అతను చనిపోయాడు. ఆ కుటుంబం తరఫున, గార్వాహీ రోడ్డు నివాసుల తరఫున కేసులు చూసిన లాయరు రోజ్‌మేరీ నెల్సన్. 1999 మార్చి 15న లర్గన్‌లో ఆమె కారు కింద బాంబు పెట్టి ఆమెను చంపారు. తనను బెదిరిస్తున్నారని ఆమె అంతకు ముందే అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పింది. ఇలాంటి చోట సాక్షి ఉండటం ఆడంబరం కాదు. ఆ తర్వాత విచారణ సంఘాలు వచ్చాయంటే, ఆ కుటుంబాలతోపాటు సరిహద్దు ఇవతలా అవతలా ఉన్న కార్యకర్తలు ఏళ్ల తరబడి వదిలిపెట్టకపోవడమే కారణం.

శ్రీధర్ గారూ, వెళ్లిపోయాక ఆ వీధుల్లో బతకాల్సింది ఎవరని అడిగారు. గార్వాహీ రోడ్డు నివాసులే వాళ్లను పిలిచారు. పిలుపు లేకుండా వెళ్లడం వేరు, పిలిస్తే వెళ్లడం వేరు. బర్న్‌టాలెట్‌నూ దీన్నీ ఒక గాటన కట్టకండి.

రాజేశ్వరి (డెర్రీ):

నేను ఆస్పత్రిలో నర్సుని, యూనియన్ సభ్యురాలిని. మీ ఇద్దరి వాదనలోనూ ఒక లోటు కనిపిస్తోంది. సంఘీభావం అనగానే బయటినుంచి వచ్చేవాళ్లే గుర్తొస్తున్నారు. పక్క టేబుల్ దగ్గర పనిచేసేవాడు ఎందుకు గుర్తురాడు?

2002 జనవరి 12న బెల్‌ఫాస్ట్ శివార్లలోని రాత్‌కూల్‌లో 20 ఏళ్ల కేథలిక్ పోస్ట్‌మ్యాన్ డానియల్ మెక్‌కోల్గన్‌ను లాయలిస్టులు పనికి వస్తుంటే కాల్చి చంపారు. కేథలిక్ పోస్టల్ సిబ్బందినీ, టీచర్లనూ చంపుతామని బెదిరించారు. పోస్టల్ కార్మికులు, కేథలిక్కులు ప్రొటెస్టెంట్లు కలిసి, పని ఆపేశారు. జనవరి 18న ఐరిష్ కాంగ్రెస్ ఆఫ్ ట్రేడ్ యూనియన్స్ పిలుపుతో బెల్‌ఫాస్ట్‌లో, డెర్రీలో, ఇంకా చాలా పట్నాల్లో వేలమంది రోడ్ల మీదకు వచ్చారు. బెదిరింపులు వెనక్కి తీసుకున్నారు. ఇది నోట్‌బుక్ చేయలేని పని. ఉత్తరాలు రాకపోతే లాయలిస్టు ఇంట్లోనూ పింఛను కాగితం ఆగుతుంది కదా.

బాలీమీనా పట్నంలోని హారీవిల్ సంగతీ చెప్పాలి. డన్‌లాయ్‌లో ఆరెంజ్ ఊరేగింపును నివాసులు అడ్డుకున్నారన్న కోపంతో 1996 సెప్టెంబర్ నుంచి ప్రతి శనివారం సాయంత్రం అక్కడి కేథలిక్ చర్చి బయట లాయలిస్టులు గుమిగూడి, మాస్‌కి (ప్రార్థనకి) వచ్చేవాళ్లను బూతులు తిట్టేవాళ్లు. ఏడాదిన్నరకు పైగా సాగింది. ఆ రోజుల్లో బాలీమీనా మేయరు, తాను అల్స్టర్ యూనియనిస్టు (బ్రిటన్‌తో ఉండాలనే పార్టీవాడు) అయి ఉండీ, వెళ్లి మాస్‌కి వచ్చేవాళ్ల పక్కన నిలబడ్డాడు. ఎన్ని వందల మంది డబ్లిన్ వాళ్లు వచ్చినా, అక్కడి లాయలిస్టులకు ఆ ఒక్క మనిషి పెట్టినంత ఇబ్బంది పెట్టేవాళ్లు కారు. వాళ్ల ఓట్లతో గెలిచినవాడు మరి.

శ్రీధర్ (కార్క్):

రాజేశ్వరి గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర అభ్యంతరం లేదు. నా బాధ దక్షిణ ఐర్లండ్, అంటే రిపబ్లిక్ వాళ్ల గురించి, ఎందుకంటే నేను ఉండేది ఇక్కడ.

1957లో వెక్స్‌ఫర్డ్ కౌంటీలో ఫెథర్డ్-ఆన్-సీ అనే ఊళ్లో ఒక కేథలిక్ భర్త, ప్రొటెస్టెంట్ భార్య మధ్య పిల్లల చదువు దగ్గర మాటపట్టింపు వచ్చింది. పిల్లల్ని కేథలిక్ బడికి పంపమని ఫాదర్ ఒత్తిడి చేస్తే ఆమె పిల్లలతో ఊరు వదిలి వెళ్లింది. దానికి ఊళ్లోని ప్రొటెస్టెంట్లందరినీ కేథలిక్కులు బహిష్కరించారు. వాళ్ల దుకాణంలో ఎవరూ కొనలేదు, వాళ్ల బడిలో కేథలిక్ టీచరు ఉద్యోగం మానేసింది. ప్రధాని డి వలేరా పార్లమెంటులో ఖండించాడు, అది ఆయన గొప్పతనం. కానీ కేథలిక్ బిషప్పులు ఎవరూ ఆ బహిష్కరణకు వ్యతిరేకంగా గట్టిగా నోరు విప్పలేదు. రిపబ్లిక్‌లోని 26 కౌంటీల నుంచి ఎంతమంది సంఘీభావంగా ఆ చిన్న దుకాణంలో సరుకులు కొనడానికి వెళ్లారు? మన గుంపు దెబ్బ తిన్నప్పుడు పరుగెత్తడం తేలిక. మన గుంపు కొట్టినప్పుడు అడ్డం నిలబడినవాడి దగ్గరకు వెళ్లి నేర్చుకోవాలి.

ఇప్పటి సంగతి కూడా అదే. 2024 ఆగస్టు 3న బెల్‌ఫాస్ట్‌లో వలస వచ్చినవాళ్ల దుకాణాలు తగలబెట్టిన రోజు, డబ్లిన్‌లోని కూలాక్ పేట నుంచి వచ్చిన వలస వ్యతిరేకులు ఐరిష్ త్రివర్ణ జెండాతో, యూనియన్ జాక్ పట్టుకున్న లాయలిస్టుల పక్కన నడిచారు. వాళ్లూ తమ పనిని సంఘీభావమే అన్నారు. కాబట్టి ఆ మాట వినగానే ఎవరికి, ఎవరి మీద అని అడగకుండా నేను చప్పట్లు కొట్టను.

మాధవి (బెల్‌ఫాస్ట్):

ఆ కూలాక్ విషయం చెప్పినందుకు నిజంగా థాంక్స్. ఆ సాయంత్రం మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షనో నాకు గుర్తుంది. పిల్లల్ని బయటకు పంపొద్దు, నైట్ షిఫ్ట్‌కి ఒంటరిగా వెళ్లొద్దు అని మెసేజ్‌లు. తర్వాతి శనివారం, ఆగస్టు 10న, సిటీ హాల్ ముందు వేలమంది వచ్చారు. కేథలిక్కుల ఫాల్స్ రోడ్ వాళ్లూ, ప్రొటెస్టెంట్లు ఎక్కువుండే ఈస్ట్ బెల్‌ఫాస్ట్ వాళ్లూ ఉన్నారు. మా వీధిలో ప్రొటెస్టెంట్ పెద్దావిడ మా ఇంటికి కేక్ తెచ్చి, "తలుపు తట్టాలనిపిస్తే మా తలుపు తట్టు" అంది.

అందుకే నేను నా మాట మీదే ఉన్నాను. పరిశీలకుడు రావాలి, యూనియన్ రావాలి, మేయరు రావాలి, పక్కింటావిడ రావాలి. ఒకరు వచ్చారు కాబట్టి ఇంకొకరు అక్కర్లేదు అనే లెక్క కాదు. గార్వాహీ రోడ్డులో పోలీసుల లాఠీ కింద కూర్చున్నవాళ్లకు ముందు అవతలివైపు ప్రొటెస్టెంట్ మనసు మారే దాకా ఆగండి అని చెప్పే హక్కు మనకు లేదు. శ్రీధర్ గారి ప్రశ్న మాత్రం వచ్చే ప్రతి కార్యకర్తనూ అడగాల్సిందే: గ్లెన్‌బ్రిన్‌లో కిటికీ పగిలితే అక్కడికీ వెళ్తావా? వెళ్లనంటే ఇంట్లో ఉండటమే మంచిది.

నవీన్ (కరీంనగర్):

వెళ్తానంటే మాత్రం సరిపోతుందా అక్కా? గ్లెన్‌బ్రిన్ వాళ్లు లోపలికి రానివ్వాలి కదా. గార్వాహీ వాళ్ల ఇంట్లో పడుకున్న మనిషిని వాళ్లు ఎందుకు నమ్ముతారు?

రాజేశ్వరి (డెర్రీ):

నవీన్, నమ్మరు, మొదటి ఏడాది అసలు నమ్మరు. జులైలో మాత్రమే కనిపించే మనిషిని ఎవరూ నమ్మరు. ఫిబ్రవరిలో, మార్చిలో, ఏ ఊరేగింపూ లేని రోజుల్లో రెండు వైపులా తిరిగి టీ తాగి, వాళ్ల ఫిర్యాదులు కూడా అదే నోట్‌బుక్‌లో రాసుకుంటేనే దారి తెరుచుకుంటుంది. ఆ పని ఏళ్లుగా చేస్తున్నవాళ్లు ఇక్కడ రెండు వైపులా ఉన్నారు. డబ్లిన్ నుంచి వచ్చేవాళ్లు ముందు వాళ్లకు ఫోన్ చేయాలి, తర్వాతే బస్ టికెట్ కొనాలి.