రాత్రి ఏరేటర్లు వేయగానే వాల్వు యాంప్లిఫైయరు గొంతు మారుతోంది: మీ అనుభవాలు చెప్పండి

నరసాపురం_తీగ
అందరికీ నమస్కారం. మా మేనమామగారు అమెరికా నుంచి సామాను తెచ్చుకున్నప్పుడు ఒక పాత ఫెండర్ డీలక్స్ రివర్బ్ (గాజు వాల్వులతో పనిచేసే గిటారు యాంప్లిఫైయరు) కూడా వచ్చి, ఇప్పుడు నా దగ్గర ఉంది. లోపల అతికించిన వాల్వుల పట్టికపై పీఎఫ్ అనే ముద్ర, పవర్ ట్రాన్స్‌ఫార్మరుపై 606618 అనే అంకెలు ఉన్నాయి. 230 వోల్టులను 115కు దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వాయిస్తున్నాను. మా ఇంటికి మూడు వైపులా రొయ్యల చెరువులే. పగలు వాల్యూమ్ నాలుగు మీద తీగ గాజు గ్లాసును మీటినట్టు స్వచ్ఛంగా పలుకుతుంది. రాత్రి పదకొండు దాటి ఏరేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే మోటార్లు) వేయగానే కరెంటు వోల్టేజి పడిపోయి అదే నాలుగు మీద మంచి జీర వస్తుంది, గట్టిగా మీటితే శబ్దం ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. నిజం చెప్పాలంటే నాకు రాత్రి గొంతే నచ్చింది. దీనివల్ల యాంప్లిఫైయరుకు హాని ఉందా? వాయించకపోయినా వినిపించే గుయ్‌మనే హమ్ ఎక్కడిది? లోపలి పాత కండెన్సర్లు మార్చాలా, అలాగే ఉంచాలా? అమ్మితే ఎంత వస్తుంది?

ఉండి_చెరువులు
ప్రతిదానికీ ఏరేటర్లనే తప్పుపట్టడం మానాలని నా మనవి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలితే పంట పోయినట్టే, కాబట్టి రాత్రి మోటార్లు వేయక తప్పదు. నేనూ గిటారు వాయిస్తాను, నాదీ ఈఎల్84 వాల్వుల చిన్న యాంప్లిఫైయరే. వోల్టేజి కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది స్టార్టరు పడిన ప్రతిసారీ స్పీకరులో వచ్చే టక్ శబ్దం. పదహారు మోటార్లకు పదహారు టక్కులు లెక్కపెట్టవచ్చు. దానికి ఎవరైనా మందు చెబితే సంతోషిస్తాను.

సోల్డరింగు_మాస్టారు
ముప్పై నాలుగేళ్లుగా కాకినాడలో వాల్వు రేడియోలు, మైకు సెట్ల యాంప్లిఫైయర్లు బాగుచేస్తున్నవాడిగా చెబుతున్నాను. ముందుగా ముద్రల సంగతి. పీ అంటే ఫెండర్ లెక్కలో 1966, ఎఫ్ అంటే ఆరో నెల. ట్రాన్స్‌ఫార్మరుపై 606 షూమాకర్ కంపెనీ సంకేతం, తర్వాతి 6 సంవత్సరం, 18 వారం. రెండు ముద్రలూ ఒకదానికొకటి సరిపోయాయి కాబట్టి మీ పెట్టె అచ్చమైన 1966 నాటిది. తొమ్మిది వాల్వులు ఉండాలి: నాలుగు 12ఏఎక్స్7, రెండు 12ఏటీ7, స్పీకరును నడిపే రెండు 6వి6, ఏసీని డీసీగా మార్చే ఒక జీజెడ్34.

ఇక వోల్టేజి. ఆ యాంప్లిఫైయరును 117 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు తయారుచేశారు. గోడ దగ్గర 180 ఉంటే స్టెప్‌డౌన్ తర్వాత మీకు 90 మాత్రమే అందుతుంది. అప్పుడు 415 దగ్గర ఉండవలసిన ప్లేటు వోల్టేజి 320కి జారుతుంది. వాల్వు ముందే క్లిప్ అవుతుంది, అంటే శబ్దతరంగం కొనలు తెగుతాయి, మీరు మెచ్చుకున్న జీర అదే. అయితే ప్లేటుతోపాటు వాల్వును వేడిచేసే ఫిలమెంటు వోల్టేజి కూడా 6.3 నుంచి 4.8కి పడిపోతుంది. పది శాతానికి మించి తగ్గించవద్దని వాల్వుల డేటా పుస్తకాలు చెబుతాయి. చల్లబడిన క్యాథోడు (ఎలక్ట్రాన్లను వదిలే భాగం) మీద నుంచి పూర్తి కరెంటు లాగుతూ పోతే దాని పూత బలం తగ్గి వాల్వు తొందరగా ముసలిదవుతుంది. వెంటనే స్టెబిలైజరు పెట్టుకోండి.

రాజోలు_బాస్
మాస్టారూ, మీమీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ తన మార్షల్‌ను వేరియాక్‌తో (మీట తిప్పి వోల్టేజి మార్చే ట్రాన్స్‌ఫార్మరుతో) సరిగ్గా ఆ 90 వోల్టుల ప్రాంతానికే దించి వాయించాడు. ప్రపంచమంతా ఆ గొంతు వెనక పడింది. మనకు ఆ 90 వోల్టులు ప్రతి రాత్రీ ఉచితంగా దొరుకుతుంటే స్టెబిలైజరు పెట్టి చెడగొట్టుకోమంటారా? నేను పన్నెండేళ్లుగా తక్కువ వోల్టేజిలోనే వాయిస్తున్నాను. నా 6వి6 జత ఇంకా అదే.

సోల్డరింగు_మాస్టారు
మీ జత బతికి ఉందంటున్నారు గానీ, కొత్త జత పక్కన పెట్టి ఎప్పుడైనా పోల్చారా? అలసిన వాల్వు ఒక్కరోజులో చావదు. కొంచెం కొంచెంగా మూగబోతుంది, రోజూ వినే చెవి అది గమనించదు. పైగా వాన్ హేలెన్ వేరియాక్ తిప్పితే వోల్టేజి ఎక్కడ నిలిపితే అక్కడ నిలిచింది. మీ ఊళ్లో పాట మధ్యలో 178, చరణానికి 195, మళ్లీ 170. ఈ రెంటికీ పోలికే లేదు.

రాజోలు_బాస్
చెవి గమనించదనే మాట నన్ను ఉద్దేశించి అన్నదైతే అది అన్యాయం. పెళ్లిళ్లలో, ఆర్కెస్ట్రాలలో ఇరవై ఏళ్లు వాయించిన చెవి ఇది. మీటరు చూసి సంగీతం నిర్ణయించే పద్ధతి నాకు నచ్చదు.

కోనసీమ_ప్రార్థన
మీ వాదన తర్వాత చేసుకోండి. 1966 పెట్టె అన్నారు కాబట్టి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. దానికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది, ఎర్తు ఉండదు. వెనక గ్రౌండ్ స్విచ్ ఒకటి, దాని నుంచి చాసిస్‌కు (లోపలి లోహపు చట్రానికి) ఒక చిన్న కండెన్సరు ఉంటాయి. అది లీకయితే ఫేజు నేరుగా చాసిస్ మీదికి, అక్కడి నుంచి గిటారు తీగల మీదికి వస్తుంది. మా చర్చిలో క్రిస్మస్ ముందు ఆరాధనలో ఇలాంటి పాత పెట్టెతోనే వాయిస్తూ, పాడటానికి వంగి పెదవులు మైకుకు తగలగానే వెనక్కి పడిపోయాను. మైకు సెట్టుకు మంచి ఎర్తు ఉంది, నా చేతిలో తీగల మీద కరెంటు ఉంది, మధ్యలో నేనున్నాను. పెదవి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ కండెన్సరు తీసేసి, మూడు పిన్నుల తీగ వేసి, ఎర్తును చాసిస్‌కు గట్టిగా బిగించేవరకు దయచేసి మైకు ముందు నిలబడకండి.

సోల్డరింగు_మాస్టారు
అమ్మా, ఈ చర్చలో అన్నిటికంటే అవసరమైన మాట మీరు చెప్పారు. ముందు నేనే చెప్పి ఉండవలసింది. స్టెప్‌డౌన్ కొనేటప్పుడు కూడా ఎర్తు పిన్ను లోపల నిజంగా కలిపి ఉందో లేదో మీటరుతో చూసుకోవాలి. చౌకవాటిలో ఆ రంధ్రం ఖాళీగా ఉంటుంది. ఒకే చుట్ట ఉండే ఆటోట్రాన్స్‌ఫార్మరు రకమైతే అది మెయిన్స్ నుంచి మిమ్మల్ని వేరుచేయదు. రెండు వేర్వేరు చుట్లున్న రకం అడిగి కొనండి.

తణుకు_మైకుసెట్టు
వాల్వు తీయదనం గురించి ఇంకా ఎవరూ మాట్లాడలేదు. మా నాన్నగారి మైకు సెట్టులో వాల్వు యాంప్లిఫైయరు ఉండేది. ప్రభల తీర్థానికి కొబ్బరిచెట్లకు గొట్టాలు కట్టి రాత్రంతా మోగించినా చెవి నొచ్చేది కాదు. తంబురాకు జీవాళి ఎలాంటిదో గిటారుకు వాల్వు అలాంటిది. తంబురా గుర్రానికి (బ్రిడ్జికి), తీగకు మధ్య నూలుపోగును వెంట్రుకవాసి జరిపితే ఒక్క స్వరంలోంచి పది స్వరాలు విచ్చుకుంటాయి. వాల్వు కూడా మూలస్వరానికి సరిసంఖ్య హార్మోనిక్స్ (రెండు, నాలుగు రెట్ల పై స్వరాలు) కలుపుతుంది, ట్రాన్సిస్టరు బేసిసంఖ్యవి కలుపుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

కాకినాడ_ఈఎల్84
జీవాళి పోలిక చాలా బాగుంది గానీ, చివరి వాక్యం సరికాదండీ. డీలక్స్ రివర్బ్‌లో రెండు 6వి6లు పుష్-పుల్ పద్ధతిలో, అంటే ఒకటి నెడితే మరొకటి లాగుతూ, పనిచేస్తాయి. ఆ పద్ధతిలో అవుట్‌పుట్ దశలో పుట్టే సరిసంఖ్య హార్మోనిక్స్ ట్రాన్స్‌ఫార్మరులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలేవి ఎక్కువగా బేసివే. మీరు చెప్పింది ముందున్న 12ఏఎక్స్7 దశలకు, ఒకే అవుట్‌పుట్ వాల్వు ఉండే చిన్న పెట్టెలకు వర్తిస్తుంది.

తణుకు_మైకుసెట్టు
బాబూ, నువ్వు కాలేజీలో చదివింది చెబుతున్నావు. నేను విన్నది చెబుతున్నాను. ఆ వాల్వుల వేడికి చేతులు కాల్చుకుంటూ పెరిగినవాణ్ణి నేను. కొట్టేసుకుంటే ఆ తీపి ఎక్కడి నుంచి వచ్చింది?

కాకినాడ_ఈఎల్84
మీ అనుభవాన్ని తక్కువ చేయడం లేదండీ. తీపి ఉంది, దాని కారణం గురించే నా మాట. ట్రాన్సిస్టరు సాధారణంగా హఠాత్తుగా కత్తిరిస్తుంది. వాల్వు అంచులను గుండ్రంగా వంచుతుంది, అందువల్ల పై హార్మోనిక్స్ నెమ్మదిగా మొదలవుతాయి. పైగా రెండు 6వి6లలో ఒకటి అలసిపోయి జత సమానంగా లేకపోతే కొట్టేసుకోవడం పూర్తిగా జరగదు, సరిసంఖ్యవి కొన్ని తిరిగి వస్తాయి. మీ నాన్నగారి పెట్టెలోనూ, రాజోలు అన్నయ్య పన్నెండేళ్ల జతలోనూ జరిగింది అదే కావచ్చు.

రాజోలు_బాస్
అంటే నా వాల్వులు అలసిపోయినందువల్లే బాగున్నాయని మీరే ఒప్పుకున్నారు. ఇంక వాదన లేదు.

లంక_కుర్రవాడు
అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు పేరు వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1986 ఆగస్టు గోదావరి వరదలో మా ఇంట్లో వాల్వు యాంప్లిఫైయరు మూడు రోజులు ఒండ్రునీటిలో ఉంది. మా అన్నయ్య మంచినీళ్లతో కడిగి, పది రోజులు ఎండలో పెట్టి, ఆరిందనుకుని స్విచ్ వేశాడు. పైకి అంతా ఆరింది. కానీ ట్రాన్స్‌ఫార్మరు చుట్ల మధ్య కాగితంలో తడి అలాగే ఉంది. సన్నగా ఈల వేసినట్టు ఒక శబ్దం వచ్చి, లక్క కాలిన వాసన ఇల్లంతా నిండింది. రాజమండ్రిలో మళ్లీ చుట్టించాం. వాల్వులు అవే, స్పీకరు అదే, కానీ ఆ పాత గొంతు మాత్రం తిరిగి రాలేదు. కింది స్వరాలు పల్చబడ్డాయి. పొరలు పొరలుగా ఎలా చుట్టారన్నదాని మీద గొంతు ఎంత ఆధారపడుతుందో అప్పుడు తెలిసింది. పాతది తడిస్తే నెలల తరబడి ఆరనివ్వండి.

కోనసీమ_ప్రార్థన
తడి కోసం వరదే రానక్కరలేదు. ఆ కాలపు ఫెండర్ లోపల భాగాలు అమర్చిన నల్ల అట్టపలక మైనం పట్టించిన ఫైబరుతో చేసింది. శ్రావణంలో మా దగ్గర ఉప్పుగాలికి అది తేమ పీల్చి కొద్దికొద్దిగా కరెంటు పారనిస్తుంది. ఏమీ వాయించకపోయినా నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట వస్తుంది. మూడు వాల్వులు మార్చి డబ్బు పోగొట్టుకున్నాక, ఒకరోజు ప్లగ్గు తీసి, కండెన్సర్లలో మిగిలిన కరెంటు ఖాళీ చేసి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఆ పలకకు వేడిగాలి కొట్టాను. చిటపట పోయింది. రెండు వారాలకు మళ్లీ వచ్చింది. వాల్వు సాకెట్లలో పిన్నులకు పట్టిన తుప్పు కూడా తుడవాలి.

కొత్తగా_వాయిస్తున్నా
పాత భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు ఎక్కడైనా దొరికితే కొనవచ్చా? అలాగే స్టాండ్‌బై స్విచ్ (వాల్వులు వేడెక్కేవరకు పెద్ద వోల్టేజిని ఆపేది) వేసే క్రమం చెప్పండి.

సోల్డరింగు_మాస్టారు
బెంగళూరు వాల్వులు మంచివే. పెట్టె మీద పేరు చూసి కాకుండా టెస్టరులో పెట్టి చూసి కొనండి. పనిచేస్తుండగా పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు స్పీకరులో గంటలా మోగితే ఆ వాల్వును ముందు దశలో పెట్టవద్దు. స్టాండ్‌బై గురించి లేనిపోని భయాలు వద్దు, జీజెడ్34 తనంతట తానే నెమ్మదిగా వేడెక్కి మిగతావాటికి వ్యవధి ఇస్తుంది.

నరసాపురం బాబుకు హమ్ సంగతి చెప్పడం మరిచాను. వాల్యూమ్ మూసినా వినిపించే 100 హెర్ట్జ్ హమ్ అయితే ఫిల్టరు కండెన్సర్లు ఎండిపోయాయని అర్థం. అరవయ్యేళ్ల ఆ ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లను అలంకారం కోసం ఉంచుకోవద్దు, అన్నీ మార్చండి. తీసిన పాతవాటిని సంచిలో వేసి పెట్టె అడుగున భద్రపరచండి. సిగ్నల్ మార్గంలోని నీలం కండెన్సర్లను మాత్రం పాడవకపోతే ముట్టుకోకండి. ఉండి మిత్రుడి టక్ శబ్దానికి స్టార్టరు కాంటాక్టుల దగ్గరే స్నబ్బరు (నిప్పురవ్వను అణచే కండెన్సరు, రెసిస్టరు జత) వేయించాలి. యాంప్లిఫైయరు వైపు ఎంత చేసినా సగమే తగ్గుతుంది.

ఉండి_చెరువులు
పదహారు స్టార్టర్లకూ వేయించాలా మాస్టారూ?

సోల్డరింగు_మాస్టారు
ఇంటికి దగ్గరగా ఉన్న నాలుగింటితో మొదలుపెట్టి వినండి.

నరసాపురం_తీగ
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి 11:40కి ఎలక్ట్రీషియన్ సాయంతో కొలిచాను. గోడ దగ్గర 178, స్టెప్‌డౌన్ తర్వాత 89, ఫిలమెంటు దగ్గర 4.8. పగలు ఇవే 228, 114, 6.1. మాస్టారి లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోయింది. తర్వాత స్నేహితుడి సర్వో స్టెబిలైజరు తెచ్చి పెట్టి, వాల్యూమ్ నాలుగు నుంచి ఆరున్నరకు పెంచి వాయించాను. జీర వచ్చింది. రాత్రిపూట కుంగుబాటు అంత మెత్తగా లేదు, ఆ విషయంలో రాజోలు అన్నయ్య మాట నిజమే. అయితే కింది తీగ మీద ఇంతకుముందు ముద్దగా వినిపించే స్వరాలు ఇప్పుడు విడివిడిగా పలుకుతున్నాయి.

చెల్లెమ్మ చెప్పినట్టు చూస్తే ప్లగ్గుకు నిజంగానే రెండు పిన్నులే ఉన్నాయి. గిటారు తీగకు టెస్టరు ఆనిస్తే లోపలి నియాన్ సన్నగా వెలిగింది. గ్రౌండ్ స్విచ్ అటు తిప్పితే ఆరింది, ఇటు తిప్పితే మళ్లీ వెలిగింది. యాంప్లిఫైయరు ప్లగ్గు తీసి పక్కన పెట్టాను.

కోనసీమ_ప్రార్థన
మంచి పని చేశారు. మూడు పిన్నుల తీగ వేసేముందు ఇంటి ఎర్తు గొయ్యి చూపించారా? చెరువు పక్కనే కాబట్టి నేల తడిగానే ఉంటుంది గానీ, ఉప్పునేల రాడ్డును తొందరగా తింటుంది.

నరసాపురం_తీగ
ఇప్పుడే తవ్వించి చూశాను. రాడ్డు కింది భాగం చిటికెనవేలంత మిగిలింది. రేపు కొత్త రాడ్డు పాతిన తర్వాతే మాస్టారి దగ్గరకు కాకినాడ బయలుదేరుతాను.