అప్‌డేట్: దేవనహళ్లి భూసేకరణ నోటీసు, మా ద్రాక్షతోట దక్కింది

విషయం మళ్లీ చెప్తాను. బెంగళూరు దగ్గర దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్న హోబళిలో (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) మా అత్తగారి రెండెకరాల ద్రాక్షతోటకు, పరిశ్రమల కోసం భూమి తీసుకునే కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి చట్టం కింద సెక్షన్ 28(1) నోటీసు వచ్చింది. ‘ఇప్పుడే అమ్మేయండి, తర్వాత పైసా రాదు’ అని ఒక బ్రోకరు ఇంటి చుట్టూ తిరిగాడు. ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ గ్రూపులో అడిగాను.

భూమి మిగిలింది. 13 ఊళ్లలో 1,777 ఎకరాల సేకరణను విరమించుకుంటున్నట్టు 2025 జూలై 15న కర్ణాటక ప్రభుత్వం ప్రకటించింది. మూడేళ్లకు పైగా ధర్నాలో కూర్చున్న రైతుల పుణ్యం ఇది. నోటీసు వచ్చాక పందిరి మీద రూపాయి పెట్టని మా అత్తగారు ఇప్పుడు రాతి స్తంభాలకు కొత్త ఇనుప తీగ లాగించి, బెంగళూరు బ్లూ రకం ద్రాక్ష తీగలకు కత్తిరింపు చేయించారు.

ఈలోగా మమ్మల్ని కాపాడింది ఇక్కడ హోసకోటె అన్న ఇచ్చిన సలహా: ఏ అగ్రిమెంటు మీదా సంతకం పెట్టొద్దు, అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి. వకీలు కూడా అదే అన్నారు. 28(1) ప్రతిపాదన మాత్రమే, అభ్యంతరం చెప్పుకోవడానికి 30 రోజులు ఉంటాయి. 28(4) తుది ప్రకటన వస్తేనే భూమి సర్కారుది అవుతుంది. ఇది తెలిశాక సగం టెన్షన్ పోయింది.

భూమిని పిల్లల పేర రాయడం, కన్వర్షన్ (సాగుభూమిని వేరే అవసరానికి మార్పించడం) చేయించడం లాంటి సలహాలు మాకు పనికిరాలేదు. పేరు మారినా సర్వే నంబరు అదే కదా.

సేకరణ ఆగిందని ఊరుకోకండి, పహాణీలో (భూమి రికార్డు) ఇతర హక్కులు, బాధ్యతలు రాసే 11వ కాలమ్ చూసుకోండి. మాకు అందులో భూసేకరణ పాత నమోదు అలాగే ఉండిపోయింది. అర్జీ పెట్టి తీయించుకున్నాకే పంట రుణం వచ్చింది.

అందరికీ థాంక్స్.